వోల్టు, ఆంపియరు, ఓము: ఇది మన ప్రాణం లెక్క
(పెరంబూరులో జరిగిన యూనియన్ తరగతిలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)





ఈసారి తరగతికి కరెంటు లెక్కలు అంశంగా పెట్టామని నోటీసు అంటించగానే కొందరు సభ్యులు మమ్మల్ని నిలదీశారు. "బోనసు గురించో, పి.ఎఫ్. గురించో చెప్పక ఈ బడి పాఠం మాకెందుకు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పిన తర్వాతే ముందుకు పోదాం.

మనం కూర్చున్న ఈ పెరంబూరులోనే 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికుల కోసం సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు పూనుకుంటే, బి.పి. వాడియా అధ్యక్షుడయ్యాడు. ఆనాటి కోర్కెల్లో ఒకటి ఏమిటో తెలుసా? మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే విరామం చాలడం లేదు, ఇంకొన్ని నిమిషాలు పెంచండి అని. అంటే మన పెద్దలు ముందుగా చేసిన పని నిమిషాలు లెక్కపెట్టడం. ఆ మిల్లులు 1996లో మూతపడ్డాయి. కానీ లెక్క తెలిసిన కార్మికుడి మాటకు విలువ ఉంటుందన్న సంగతి మూతపడలేదు. ఈనాడు మనవాళ్లు అంబత్తూరులో గార్మెంటు షెడ్లలో ఉన్నారు, గుమ్మిడిపూండి వైపు ఉన్నారు, పళ్లిపట్టు, నగరి ప్రాంతాల్లో మరమగ్గాల మీద ఉన్నారు. ఎక్కడ ఉన్నా మనం రోజంతా చెయ్యి వేసేది కరెంటుతో నడిచే ఇనుము మీదే. అందుకే ఈ లెక్క.

ఇక అసలు కారణం చెబుతాం. 1990ల మొదట్లో మేము పనిచేసిన ఒక మిల్లులో జరిగిన సంగతి ఇది. ఏ మిల్లు అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. మగ్గాల షెడ్డులో నూలు తెగకుండా గాలిలో తేమ ఉంచుతారని మీకు తెలుసు. నేల ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. ఒక వరసలో ఒక మగ్గం ఫ్రేము మీద చెయ్యి వేస్తే జివ్వుమనేది. రోజూ ఎవరో ఒకరు "అబ్బా, గిల్లిందిరా" అనేవారు, పక్కవాళ్లు నవ్వేవారు. అప్పుడే కమిటీలో చేరిన మా దగ్గరకు కూడా వచ్చి చెప్పారు. "చెప్పులేసుకో తమ్ముడూ" అని మేమూ నవ్వి పంపించాం. దాచిపెట్టడం లేదు, ఆ తప్పు మాదే.

మూడు వారాలు గడిచాయి. ఒక కుర్ర హెల్పరు చేతులు కడుక్కుని వచ్చి, తడి చేత్తో ఆ ఫ్రేము పట్టుకున్నాడు. పట్టు వదలలేకపోయాడు. అరుపు కూడా రాలేదు. ఎదుటి మగ్గం మీద ఉన్న పెద్దాయన చూసి పరుగెత్తి స్విచ్ దించాడు. ఆ ఒక్క పని వల్ల కుర్రవాడు బతికాడు. కానీ కింద పడి మణికట్టు విరిగింది. మూడు నెలలు పని లేదు. ఆఫీసు రిజిస్టరులో మాత్రం రెండే మాటలు రాశారు: "కార్మికుని అజాగ్రత్త".

ఆ రెండు మాటలు తప్పని మాకు తెలుసు. ఎందుకు తప్పో మాత్రం చెప్పలేకపోయాం. మా దగ్గర కోపం ఉంది గాని లెక్క లేదు. ఆ లెక్క ఏమిటో ఇప్పుడు అందరం కలిసి చూద్దాం. చివర ఆ రిజిస్టరు దగ్గరకే మళ్లీ వస్తాం.

మూడు పేర్లు

మన ఇళ్ల మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కొళాయి దగ్గర నీటి తోపు అంత ఎక్కువ. కరెంటులో ఆ తోపుకు పేరు వోల్టేజి, దాన్ని వోల్టుల్లో కొలుస్తారు. పైపులో సెకనుకు ఎంత నీరు పారుతోంది అన్నది కరెంటు, అది ఆంపియర్లలో. పైపు సన్నగా ఉన్నా, పాచి పట్టినా నీరు తగ్గుతుంది కదా, ఆ అడ్డు పేరు నిరోధం. మన వైర్‌మ్యాన్లు రెసిస్టెన్సు అంటారు. దాని కొలత ఓము.

ఓము అనేది ఒక మనిషి పేరు. గేయోర్గ్ ఓమ్ అనే ఆయన జర్మనీలో తాళాలు చేసే ఒక పనివాడి కొడుకు. ఆ తండ్రి బడికి పోకుండానే స్వయంగా లెక్కలు నేర్చుకుని పిల్లలకు నేర్పాడు. కొడుకు బడిపంతులు అయ్యాడు. తీగల గుండా కరెంటు పంపి కొలిచి కొలిచి, 1827లో తన పుస్తకం వేశాడు. ఆయన దేశంలో పెద్దలు చాలామంది మొదట పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ పతకం ఇచ్చి గౌరవించింది. ఆయన చెప్పింది ఒక్క వాక్యం: తీగ మారకుండా, దాని వేడి మారకుండా ఉంటే, తోపు రెట్టింపు చేస్తే ప్రవాహం రెట్టింపు అవుతుంది.

దాన్నే ఇలా రాసుకోండి. నోటు పుస్తకాలు తెచ్చుకున్నవారు ఈ నాలుగు లైన్లు పెద్ద అక్షరాలతో రాయండి:

నిరోధం = వోల్టేజి ÷ కరెంటు
కరెంటు = వోల్టేజి ÷ నిరోధం
పవరు = వోల్టేజి × కరెంటు
వేడిగా పోయే పవరు = కరెంటు × కరెంటు × నిరోధం

పవరుకు కొలత వాటు. వాటు కూడా మనిషి పేరే. స్కాట్లాండులో పరికరాలు తయారుచేసిన జేమ్స్ వాట్, తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవారికి చెప్పడానికి హార్స్ పవరు లెక్క కట్టాడు. మోటారు మీద మీరు చూసే హెచ్.పి. అదే. ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు. నాలుగో లైను జేమ్స్ జూల్‌ది. మాంచెస్టర్ పక్కన సాల్‌ఫోర్డులో బీరు బట్టీ నడిపే కుటుంబంలో పుట్టి, 1841లో దీన్ని ప్రకటించాడు. మిల్లు బట్టకు ప్రపంచంలో పేరు మోసిన ఊరే మాంచెస్టర్, కాబట్టి ఈ లెక్క మనకు పరాయిది కాదు.

నాలుగు లైన్లు ఉన్నా గుర్తుంచుకోవలసింది ఒకటే. మీటరు మీద రెండు అంకెలు తెలిస్తే మిగతా రెండూ మన చేతిలోనే ఉన్నాయి. గుణించడం, భాగించడం వస్తే చాలు. అయిదో తరగతి చదువు సరిపోతుంది.

ఇస్త్రీ పెట్టె లెక్క

మొదట గార్మెంటు షెడ్డులో ఇస్త్రీ బల్లల దగ్గర పనిచేసే మన అక్కచెల్లెళ్ల సంగతి తీసుకుందాం. ఒక పెట్టె 230 వోల్టుల మీద 4.6 ఆంపియర్లు తీసుకుంటోంది అనుకోండి. 230ని 4.6తో భాగిస్తే 50. ఆ పెట్టె నిరోధం 50 ఓములు. 230ని 4.6తో గుణిస్తే 1,058. ఆ పెట్టె పవరు సుమారు 1,058 వాట్లు.

ఎండాకాలం సాయంత్రం వోల్టేజి పడిపోయి 190కి వచ్చింది. పెట్టెలోని కాయిలు మారలేదు, దాని నిరోధం ఆ 50 ఓములే. 190ని 50తో భాగిస్తే కరెంటు 3.8 ఆంపియర్లు. 190ని 3.8తో గుణిస్తే 722 వాట్లు. ఇక్కడ ఆగి జాగ్రత్తగా చూడండి. వోల్టేజి తగ్గింది నూటికి 17 వంతులు. వేడి తగ్గింది నూటికి 32 వంతులు, అంటే దాదాపు మూడో వంతు. వోల్టేజి తగ్గినప్పుడు కరెంటు కూడా దానితోపాటే తగ్గుతుంది కాబట్టి దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది.

చల్లబడ్డ పెట్టె మళ్లీ వేడెక్కడానికి రెండు నిమిషాలు పట్టే చోట ఇప్పుడు దాదాపు మూడు నిమిషాలు పడుతుంది. పీసు రేటు మీద పనిచేసే మనిషికి ఆ నిమిషం కూలి. సాయంత్రానికి పీసులు తగ్గితే సూపర్‌వైజరు "చెయ్యి నెమ్మదించింది" అంటాడు. చెయ్యి నెమ్మదించలేదు, వోల్టేజి నెమ్మదించింది. షెడ్డు ప్యానెల్ మీద వోల్టు మీటరు ఉంటుంది. ఆ అంకె గంటకోసారి చీటీ మీద రాసి పెట్టుకోండి. "పని కష్టంగా ఉంది సార్" అంటే ఎవరూ వినరు. "మూడు గంటల నుంచి ఆరు గంటల దాకా 190 వోల్టులే ఉంది, పెట్టెలో మూడో వంతు వేడి లేదు, ఆ మూడు గంటల టార్గెట్ తగ్గించాలి" అంటే జవాబు చెప్పక తప్పదు.

ఇదే లెక్కతో ఇంటి బిల్లు కూడా చూసుకోవచ్చు. వెయ్యి వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. 75 వాట్ల ఫ్యాను రోజుకు పది గంటల చొప్పున 60 రోజులు తిరిగితే 45 యూనిట్లు. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితమన్నది 2016లో వచ్చిన ఏర్పాటు. ఒక పాత ఫ్యాను ఒక్కటే అందులో దాదాపు సగం తినేస్తుంది. ఇంట్లో ఉన్న ఒక్కొక్క వస్తువుకూ ఇలా లెక్క వేసి, మొత్తం కలిపి ఈబీ కార్డుతో సరిచూడండి. ఈ పని పిల్లల చేత చేయిస్తే వాళ్లకు లెక్కా వస్తుంది, లైటు ఆపే అలవాటూ వస్తుంది.

మోటారు దగ్గర జాగ్రత్త

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. ఇస్త్రీ పెట్టెకు చేసిన లెక్క మోటారుకు అలాగే చేస్తే తప్పవుతుంది. మోటారు తిరుగుతున్నప్పుడు అదే లోపల నుంచి ఎదురు వోల్టేజి పుట్టించి, వచ్చే కరెంటును తగ్గించుకుంటుంది. అందుకే 415ని 7.5తో భాగించి "55 ఓములు వచ్చింది, ఇదే వైండింగు నిరోధం" అనకూడదు. ఆపి ఉన్న మోటారు వైండింగును మీటరుతో కొలిస్తే కొద్ది ఓములే చూపిస్తుంది. తిరగకుండా బిగుసుకుపోయిన మోటారుకు ఆ ఎదురు వోల్టేజి ఉండదు కనుక, మామూలుకు ఆరు రెట్ల దాకా కరెంటు తీసుకుని నిమిషాల్లో కాలిపోతుంది.

మూడు ఫేజుల మోటారుకు పవరు లెక్క ఇలా ఉంటుంది: 1.732 × వోల్టేజి × కరెంటు × పవర్ ఫ్యాక్టరు. నేమ్ ప్లేటు మీద 5 హెచ్.పి., 415 వోల్టులు, 7.5 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టరు 0.82 అని ఉందనుకోండి. అన్నీ గుణిస్తే సుమారు 4,420 వాట్లు. అది లోపలికి పోయేది. ఇరుసు మీద మనకు దక్కేది 5 × 746, అంటే 3,730 వాట్లు. మిగతా 690 వాట్లు వేడిగానూ, రాపిడిగానూ పోతుంది. మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడి ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

మరి వోల్టేజి తగ్గితే మోటారు ఏం చేస్తుంది? ఇస్త్రీ పెట్టెలాగా కరెంటు తగ్గించుకోదు. మగ్గం అడిగే పని తగ్గలేదు కాబట్టి, ఆ పని చేయడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. 7.5 ఆంపియర్లు 9 అయిందనుకోండి. మన నాలుగో లైను తీయండి. 7.5ని 7.5తో గుణిస్తే 56. 9ని 9తో గుణిస్తే 81. వైండింగులో వేడి నూటికి 44 వంతులు పెరిగింది. దానికి తోడు మోటారు ఫ్యాను మూత మీద దూది పేరుకుని గాలి ఆడకపోతే ఇక చెప్పేదేముంది. తర్వాత మోటారు కాలిపోతే "నువ్వే ఓవర్‌లోడు చేశావు" అని మగ్గం నడిపేవాడి మీద పడతారు. ఆ రోజు వోల్టు మీటరు ఎంత చూపింది, ఆంపియరు మీటరు ఎంత చూపింది అన్నది మీ చీటీలో ఉంటే, తప్పు ఎవరిదో ఆ అంకెలే చెబుతాయి.

వదులైన జాయింటు

ఇప్పుడు నాలుగో లైనుతోనే ఇంకో లెక్క. ఇది దూది ఎగిరే స్పిన్నింగ్ డిపార్ట్‌మెంటు వారు మరీ శ్రద్ధగా వినాలి. ఒక స్విచ్ బోర్డులో స్క్రూ వదులైంది. ఆ జాయింటు దగ్గర ఒక ఓములో పదో వంతు నిరోధం, అంటే 0.1 ఓము ఏర్పడింది. దాని గుండా 15 ఆంపియర్లు పోతోంది. పోయే వోల్టేజి 15 × 0.1, అంటే ఒకటిన్నర వోల్టు. మీటరు చూసేవాడు దాన్ని గమనించనే గమనించడు. లైట్లు బాగానే వెలుగుతాయి, మిషన్లు బాగానే నడుస్తాయి.

కానీ వేడి ఎంత? 15 × 15 × 0.1, అంటే 22.5 వాట్లు. రేడియో రిపేరు చేసేవాడు సీసం కరిగించే సోల్డరింగ్ పెట్టె 25 వాట్లది. అంటే మీ స్విచ్ బోర్డు లోపల ఒక సోల్డరింగ్ పెట్టెను ఆన్ చేసి, చుట్టూ దూది పేర్చి, మూత వేసి వెళ్లినట్టు. ఫ్యూజు దీన్ని ఆపలేదు. ఎందుకంటే కరెంటు పెరగలేదు, ఆ 15 ఆంపియర్లే. ఫ్యూజు చూసేది కరెంటునే, జాయింటు వేడిని చూడదు. అందుకే బోర్డు దగ్గర కాలిన వాసన వచ్చినా, మూత నల్లబడినా, స్విచ్ వేడిగా తగిలినా, "నడుస్తోంది కదా" అని ఊరుకోకండి. వెంటనే వైర్‌మ్యాన్‌ను పిలిపించండి.

మళ్లీ ఆ మగ్గం దగ్గరకు

ఇక మన కుర్రవాడి సంగతి. ప్రమాదం జరిగిన కొన్నాళ్లకు యూనియన్ పట్టుబట్టిన మీదట విద్యుత్ తనిఖీ జరిగింది. అధికారి రెండు కొలతలు తీశాడు. మగ్గం ఫ్రేముకూ నేలకూ మధ్య వోల్టేజి సుమారు 40. ఆ ఫ్రేముకు కట్టిన ఎర్తు నిరోధం సుమారు 40 ఓములు. ఎర్తు తీగ జాయింటు తుప్పు పట్టి పొడి అయిపోయింది, మీద మాత్రం నిగనిగలాడే పెయింటు వేసి ఉంది.

మా షెడ్డు వైర్‌మ్యాన్ ఒకాయన ఆ రెండు అంకెలు చీటీ మీద రాసుకుని టీ కొట్టు దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టాడు. "40ని 40తో భాగించండి" అన్నాడు. ఒకటి. ఒక ఆంపియరు. అంటే మోటారు ఇన్సులేషను పాడై, పగలూ రాత్రీ ఒక ఆంపియరు ఫ్రేములోకి కారిపోతోంది. ఆ సర్క్యూటు ఫ్యూజు 15 ఆంపియర్లది. 15 దాటితే గాని కరగని తీగకు ఒక ఆంపియరు కారితే ఏం తెలుస్తుంది?

తర్వాత మనిషి శరీరం లెక్క వేశాడు. ఆరిన చర్మం నిరోధం చాలా ఎక్కువ, వేలల్లో, ఒక్కోసారి పదుల వేలల్లో ఉంటుంది. 40 వేల ఓములు అనుకుంటే, 40 వోల్టులను దానితో భాగిస్తే వచ్చేది ఆంపియరులో వెయ్యో వంతు. దాన్ని మిల్లీ ఆంపియరు అంటారు. ఒక మిల్లీ ఆంపియరు జివ్వుమంటుంది, అంతే. మేము మూడు వారాలు నవ్వుకున్నది దాన్ని చూసే. అదే చెయ్యి తడిసి, పాదాలు చెమ్మ నేల మీద ఉంటే శరీరం నిరోధం సుమారు వెయ్యి ఓములకు పడిపోవచ్చు. 40ని వెయ్యితో భాగిస్తే 40 మిల్లీ ఆంపియర్లు.

ఈ అంకెలు గుర్తుంచుకోండి. సుమారు 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర కండరాలు బిగుసుకుని పట్టు వదలలేం. 30 దాటితే ఊపిరికీ గుండెకూ ముప్పు. మగ్గం మారలేదు, వోల్టేజి మారలేదు, మనిషి మారలేదు. గిలిగింతకూ చావుకూ మధ్య ఉన్న తేడా కడుక్కుని తుడుచుకోని చెయ్యి ఒక్కటే.

మరి ఆ ఎర్తు బాగుండి ఉంటే? దాని నిరోధం 2 ఓములు అనుకుందాం. కారేది ఆ ఒక ఆంపియరే. 1 × 2, ఫ్రేము మీద 2 వోల్టులు మాత్రమే ఉండేది. తడి చెయ్యి వేసినా 2 మిల్లీ ఆంపియర్లు. కుర్రవాడు ఉలిక్కిపడి చెయ్యి తీసేవాడు. మోటారు ఇంకా పాడై ఫేజు తీగ పూర్తిగా ఫ్రేముకు తగిలితే, 230ని 2తో భాగిస్తే 115 ఆంపియర్లు పారి, ఫ్యూజు టప్పున పోయేది. 40 ఓముల ఎర్తు ఉంటే 230ని 40తో భాగించి చూడండి. 5.75 ఆంపియర్లు. ఫ్యూజు అలాగే నిలబడి ఉంటుంది, ఫ్రేము మాత్రం దాదాపు పూర్తి 230 వోల్టులతో మనిషి కోసం కాచుకుని ఉంటుంది.

విచారణ రోజున మేము ఉపన్యాసాలు చెయ్యలేదు. ఈ భాగహారాలే ఒక కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాం. "తుడుచుకోని చెయ్యి అజాగ్రత్త అయితే, నీళ్లు చల్లే షెడ్డులో ప్రతి కార్మికుడూ ప్రతి రోజూ అజాగ్రత్తపరుడే. ఎర్తు బాగుండి ఉంటే ఇది జరగదని ఈ లెక్క చెబుతోంది" అన్నాం. అప్పట్లో అమలులో ఉన్న 1956 భారత విద్యుత్ నియమాల్లోనే, మోటారు చట్రానికి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలని ఉంది. ఆ మగ్గానికి ఉన్నది ఒకటి, అదీ తుప్పు పట్టింది. ఆ నియమాల స్థానంలో 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చినప్పుడు కూడా రెండు ఎర్తుల మాట అలాగే నిలిచింది.

ఇంకో సంగతి కూడా చెప్పాం. 230 వోల్టుల మీద ఒక ఆంపియరు కారితే 230 వాట్లు. రోజంతా కారితే అయిదున్నర యూనిట్లు మట్టిలో పోతున్నాయి అని. ప్రాణం గురించి మాట్లాడినప్పుడు కదలని ముఖాలు యూనిట్ల గురించి చెప్పగానే కదిలాయి. ఏమైతేనేం, రిజిస్టరులో "అజాగ్రత్త" అన్న మాట కొట్టేసి, "ఎర్తు లోపం" అని రాశారు. పని ప్రమాదంగా నమోదై, కుర్రవాడికి ఇ.ఎస్.ఐ. నుంచి రావలసింది వచ్చింది. మగ్గాలన్నిటి ఎర్తులూ తిరిగి వేశారు.

దాన్ని మేము విజయం అని చెప్పుకోవడం లేదు. మూడు వారాల ముందే, అది జివ్వుమన్న మొదటి రోజే ఈ భాగహారం వచ్చి ఉంటే ఆ మణికట్టు విరిగేది కాదు. ఈ తరగతి పెట్టడానికి కారణం అదే.

మనం చేయవలసినవి

ఒకటి. జివ్వుమంటే నవ్వకండి, ఎవరినీ నవ్వనివ్వకండి. ఆ మిషన్ ఆపించి, ఫిర్యాదు పుస్తకంలో తేదీ, వేళ, మిషన్ నంబరు రాసి, రాసినదాని కాపీ యూనియన్‌కు ఇవ్వండి.

రెండు. ఎర్తు నిరోధం కొలిచి రాసే రిజిస్టరు ఉందా, చివరిసారి ఎప్పుడు కొలిచారు, ఎన్ని ఓములు వచ్చింది అని అడగండి. "ఎర్తు ఉంది" అనేది జవాబు కాదు. ఓములు ఎన్ని అన్నదే జవాబు.

మూడు. 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు ఆపేసే ఆర్.సి.సి.బి. ఇస్త్రీ బల్లలకూ, చేతితో పట్టుకునే మిషన్లకూ ఉండాలని కోరండి. మా మగ్గానికి అలాంటిది ఉండి ఉంటే, కరెంటు కారడం మొదలైన నాడే ఆపేసేది. దాని మీద టెస్టు బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కించి చూడండి. నొక్కితే పడిపోవాలి, పడకపోతే అది పనికిరాదు. ఇంట్లో కూడా ఒకటి పెట్టించుకోండి. 2015 డిసెంబరు వానల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో మన పేటల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. తడిసిన గోడ, తడిసిన చెయ్యి అంటే ఆ వెయ్యి ఓముల లెక్కే. నీళ్లు గడప దగ్గరకు వస్తుండగానే, మీరు పొడి నేల మీద ఉండగానే మెయిన్ ఆపండి. ఆలస్యమై బోర్డు దాకా నీళ్లు వస్తే దాన్ని ముట్టకండి, ఈబీ వాళ్లకు ఫోన్ చేయండి.

నాలుగు. ఫ్యూజు పోతే దాని స్థానంలో లావు రాగి తీగ చుట్టకండి, చుట్టనివ్వకండి. ఫ్యూజు ఊరికే పోదు, ఏదో చెప్పి పోతుంది.

అయిదు. ఈ లెక్క నేర్చుకున్నాం కదా అని ఎవరూ బోర్డు మూత తీయవద్దు. కొలిచే పని లైసెన్సు ఉన్న వైర్‌మ్యాన్‌ది. అంకె అడగడం, రాసుకోవడం, భాగించి చూడడం మన పని. షాకు కొట్టిన మనిషిని చేత్తో పట్టుకుని లాగవద్దు. ముందు స్విచ్ దించండి. అందకపోతే ఎండు కర్రతో విడదీయండి. ఆ పెద్దాయన చేసిన పని గుర్తుంచుకోండి.

సోదరులారా, సోదరీమణులారా, చదువుకున్నవారు మాత్రమే చేసే లెక్క అని మనకు చెప్పి ఉంచిన దానిని ఇవాళ మనం గంటసేపట్లో చేశాం. వచ్చే తరగతికి వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ మీరు నడిపే మిషన్ నేమ్ ప్లేటు మీద ఉన్న వోల్టులు, ఆంపియర్లు, హెచ్.పి. రాసుకుని రండి. నేమ్ ప్లేటు చెరిగిపోయి ఉంటే అది కూడా రాసుకుని రండి. ఆ కాగితాలన్నీ కలిపి షెడ్డువారీగా లెక్క వేసి, యాజమాన్యాల ముందు పెట్టబోయే భద్రతా కోర్కెల పత్రానికి జతచేస్తాం.